నార్త్ డకోటా తప్ప

మిస్ ఓర్లీన్ గుడ్‌పాస్టర్‌కి ఎవరైనా డబ్బు ఇవ్వబోతే ఆవిడ చెయ్యి చాపేది కాదు, అడ్డం పెట్టేది. నాలుగు రోడ్ల కూడలిలో పోలీసులా అరచెయ్యి ఎత్తి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, "ఆగండాగండి. ముందు ఇది చెప్పండి, మీది ఏ రాష్ట్రం?" అనేది.

ఇందులో వింత ఏమిటంటే, డబ్బు పుట్టించడమే ఆవిడ ఉద్యోగం. కెంటకీలో కొండల అంచున మాకో గాడిదల ఆశ్రమం ఉంది. ముసలివైపోయి, ఎవరికీ అక్కర్లేకుండా పోయిన గాడిదల్ని తెచ్చుకుని చివరిదాకా మేపుతాం. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి, వాళ్ళ సొమ్మేం పోయింది! డైరెక్టరు డోయిల్ స్టాంపర్. కంచెలు బాగుచేసేదీ, ఫొటోలు తీసేదీ, దాతలకి పంపే వార్తాపత్రిక రాసేదీ నేను. కాగితాల పనంతా మిస్ ఓర్లీన్‌ది. వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడంటారు. మేమైతే గాడిదల కోసం ఎవరి కాళ్ళయినా పట్టుకోడానికి సిద్ధంగా ఉండేవాళ్ళం. ఆవిడ పట్టుకోనిస్తేగా!

తప్పు ఆవిడది కాదు, చట్టానిది. ఈ దేశంలో ధర్మకార్యానికి చందా అడగాలంటే నోరుంది కదా అని అడగడానికి లేదు. ఏ రాష్ట్రం వాళ్ళని అడగబోతున్నామో ఆ రాష్ట్రంలో ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. ఒకచోట చేయిస్తే ఇంకోచోట చెల్లదు. ఒక రాష్ట్రానికి రెండు సంతకాలు కావాలి, ఒకదానికి నోటరీ ముద్ర కావాలి, ఒకదానికి మన లెక్కలన్నీ విప్పి చూపించాలి. ఇంకొకటి తను చెప్పిన వాక్యాన్ని పొల్లుపోకుండా మన ఉత్తరం అడుగున అచ్చువెయ్యమంటుంది. ఊరినిండా అత్తలున్న కోడలి బతుకు మాది.

కొన్ని రాష్ట్రాలు ఏమీ అడగవు. మిస్ ఓర్లీన్‌కి అసలు గుబులంతా వాటి మీదే. వయోమింగ్ అలాంటిది. ఏటా జనవరిలో అక్కడి ఆఫీసుకి ఫోన్ చేసేది.

"ఇంకా మీకేం అక్కర్లేదా?"

"అక్కర్లేదండి."

"కనీసం ఒక చిన్న ఫారం?"

"లేదండి."

"ఏమైనా మారితే కబురు చేస్తారా?"

"చేస్తామండి, మిస్ ఓర్లీన్." వాళ్ళకి అప్పటికి ఆవిడ గొంతు బాగా అలవాటు.

ఫోన్ పెట్టేసి నావైపు తిరిగి, "ఏదో దాస్తున్నారు" అనేది.

ఒక వేసవిలో పర్యాటకుల కుటుంబం ఒకటి గాడిదల్ని చూడ్డానికి వచ్చింది. వాళ్ళ పాప ఒక డాలరు పట్టుకుని డబ్బాలో వెయ్యబోయింది. చెయ్యి అడ్డం. "ఏ రాష్ట్రం తల్లీ మీది?" పాప హడలిపోయి వాళ్ళ నాన్న కాళ్ళ వెనక దాక్కుంది. ఆయన "మిసిసిప్పీ అండి" అన్నాడు, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు. ఆవిడ ఆలోచించింది. "అక్కడ మా రెన్యూవల్ ఇంకా రాలేదు. సరే, గేటు దగ్గరకి మీ అంతట మీరే వచ్చారు కాబట్టి డాలరు వెయ్యచ్చు. కానీ ఆ పత్రిక ఇటివ్వండి." ఆయన చేతిలోంచి నా వార్తాపత్రిక లాక్కుంది. "ఇందులో చందా కవరుంది. ఇంటికెళ్ళి మీరిది విప్పితే, మేం మిసిసిప్పీలో అడిగినట్టు లెక్క. ఇవ్వడం తప్పు కాదు నాయనా. అడగడమే తప్పు." ఆయన కారెక్కి వెళ్తూ గాడిదల కంటే ఆవిడనే ఎక్కువసేపు చూశాడు.

నా వార్తాపత్రిక సంగతి చెబితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నేను కూర్చుని, గాడిద కళ్ళలో కనిపించే ఓర్పు గురించి నాలుగు మంచి వాక్యాలు రాసేవాణ్ణి. వాటి కింద ఆవిడ రాష్ట్రాలవారీగా హెచ్చరికలు చేర్చేది. ఫ్లోరిడా వాళ్ళు గమనించండి, మేరీలాండ్ వాళ్ళు గమనించండి, న్యూజెర్సీ వాళ్ళు గమనించండి అంటూ పేజీ అంతా పాకేది. చివరికి మా గాడిద బొమ్మ తపాలా బిళ్ళంత మిగిలేది. "గాడిద కనిపించట్లేదండీ" అని నేను మొత్తుకుంటే, "చట్టం కనిపిస్తోందిగా" అనేది.

అన్నిటికన్నా ఘోరం హోమర్ కండిఫ్ అంత్యక్రియలప్పుడు జరిగింది. ఆయన మా ఆశ్రమానికి గడ్డి ఇచ్చే రైతు. పోయేముందు ఇంట్లోవాళ్ళతో, పూలు వద్దు, ఆ డబ్బేదో గాడిదలకివ్వమని చెప్పాడట. అదే పేపర్లో వేయించారు. దూరాలనుంచి చుట్టాలు దిగారు. మిస్ ఓర్లీన్ నల్లగౌను వేసుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

కళ్ళు తుడుచుకుంటూ ఒకాయన వచ్చాడు. "మా పెదనాన్నండీ ఆయన" అన్నాడు.

"పాపం. ఎక్కణ్ణుంచి వచ్చారు నాయనా?"

"అర్కన్సా నుంచి."

"అయ్యో!" అంది ఆవిడ గుండెలమీద చెయ్యి వేసుకుని. ఆ అయ్యో పెదనాన్న కోసమో, రెన్యూవల్ ఇంకా రాని అర్కన్సా కోసమో ఆయనకి అర్థం కాలేదు.

హోమర్ భార్య లోపలినుంచి ఇదంతా చూసి వచ్చింది. "ఓర్లీన్, మా ఆయన కోసం ఏడవడానికి కూడా రిజిస్ట్రేషన్ కావాలటే?"

"ఏడుపుకి అక్కర్లేదు హాటీ. కడుపారా ఏడవండి. చందాకే."

దుఃఖంలో ఉన్న హాటీకి నవ్వొచ్చింది. ఆ రోజు మొత్తమ్మీద ఆవిడ నవ్వింది అదొక్కసారే. భోజనాలయ్యాక అందరూ వెళ్ళిపోయినా మిస్ ఓర్లీన్ మాత్రం వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది. కడిగినవే మళ్ళీ కడుగుతోంది. తొందరపడి వెళ్ళడానికి ఆవిడకి ఇంట్లో ఎవరూ లేరని నాకప్పుడు తట్టలేదు.

తర్వాత తట్టింది. ఒక చలికాలం ఆవిడకి జ్వరం వస్తే చిక్కుడుగింజల పులుసూ మొక్కజొన్న రొట్టే పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడితే లోపల ఎవరో గట్టిగా మాట్లాడుకుంటున్నారు. చుట్టాలొచ్చారేమోనని సంతోషించాను. లోపల చుట్టాలెవరూ లేరు. ముందుగదిలో ఒక రేడియో, వంటింట్లో ఒక రేడియో, రెండూ వేర్వేరు స్టేషన్లలో మోగుతున్నాయి.

"ఇదేంటండీ మిస్ ఓర్లీన్, తల నొప్పెట్టట్లేదా?"

"ఒక్కటే పెడితే రేడియోలా ఉంటుంది. రెండు పెడితే ఇంట్లో మనుషులున్నట్టుంటుంది" అంది. సింకు పక్కన ఆరబెట్టిన పళ్ళెం ఒకటి, చెంచా ఒకటి. నాకు మనసు మనసులో లేదు. పులుసు అక్కడ పెట్టి, ఏదో పనుందని చెప్పి వచ్చేశాను. కూర్చోవలసింది.

ఇక నార్త్ డకోటా. ఆవిడ చందా చట్టం ఉన్న ప్రతి రాష్ట్రంలోనూ మా గాడిదల పేరు ఎక్కించింది, గడువు దాటకుండా ఏటా తిరగరాయించింది. నార్త్ డకోటా తప్ప. అదొక్కటి మాత్రం తెమిలేది కాదు. డోయిల్ అడిగినప్పుడల్లా ఒక కారణం సిద్ధంగా ఉండేది.

"అక్కడ మంచు తుపానట. ఆఫీసులు మూశారట."

"జూలైలోనా?"

"నోటరీ ముద్ర సరిగ్గా పడలేదు."

"పోయినసారీ అదే చెప్పారు కదండీ."

"ముద్ర పోయినసారీ సరిగ్గా పడలేదు మరి."

డోయిల్ తల పట్టుకునేవాడు. నేను, గాడిద మొరాయిస్తే ముందుకు లాగకూడదు, ఊరుకోవాలి అని సర్దిచెప్పేవాణ్ణి. నిజానికి మాకక్కడ పనేమీ లేదు. మిస్ ఓర్లీన్ రాకముందు డోయిల్ తెలివితక్కువగా దేశం మొత్తానికి ఒక చందా ఉత్తరం పంపాడు. దానికి నార్త్ డకోటాలో ఒకే ఒక్కాయన బదులిచ్చాడు. పేరు ఆర్విడ్ హాగెన్. నెలనెలా ఒక చిన్న చెక్కు పంపేవాడు. మనం అడిగితేనే ఇచ్చాడు, అడిగే హక్కు మనకి లేదు, కాబట్టి తీసుకోడానికి వీల్లేదని ఆవిడ ఆ చెక్కుని నెలనెలా వాపసు చేసేది. ఇలాంటి మొండిఘటం ఇంకోటుంటుందా అనుకునేవాణ్ణి. ఇద్దర్నీ కలిపే అనుకునేవాణ్ణి.

ఒక ఏడాది వసంతంలో గాలివాన మా పెద్ద కొట్టం కప్పు ఎత్తుకుపోయింది. గుర్రానికైతే వాన ఒంటిమీదినుంచి జారిపోతుంది. గాడిద బొచ్చు అలా కాదు, నీళ్ళు పీల్చుకుంటుంది. ముసలి గాడిద తడిసి, ఆ మీద చలి తగిలితే ఊపిరితిత్తులు పట్టేసి పోతుంది. అక్టోబరు వచ్చినా మా దగ్గర పైన కట్టిన టార్పాలిన్ తప్ప ఏమీ లేదు. అప్పుడే ఒక దాణా కంపెనీవాళ్ళు దేవుళ్ళలా వచ్చారు. మా గాడిదల్లోకల్లా పెద్దమనిషి పేరు జడ్జి. వాడి బొమ్మ వాళ్ళ బస్తాల మీద వేస్తామన్నారు, బొమ్మ కింద మా విన్నపం కూడా వేస్తామన్నారు, కప్పుకి ముందుగానే సాయం చేస్తామన్నారు. ఒక్కటే షరతు. వాళ్ళ బస్తాలు అమ్ముడయ్యే ప్రతి రాష్ట్రంలోనూ మాకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఒక్కటి తక్కువైనా బేరం లేదు.

"నార్త్ డకోటాలో అమ్ముతారా వాళ్ళు?" అనడిగింది మిస్ ఓర్లీన్ చిన్నగా.

"అక్కడే ఎక్కువ అమ్ముతారు" అన్నాడు డోయిల్. "మంచూ లేదు, ముద్రా లేదు మిస్ ఓర్లీన్. ఈ వారంలో అయిపోవాలి. లేకపోతే ఈ చలికాలం ఎన్ని గాడిదల్ని పూడ్చాలో నాకు తెలీదు."

ఆవిడ ఈసారి ఏ వంకా చెప్పలేదు. అది చూసి నాకు భయమేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఏదో సంతకం కోసం ఆవిడ గదికి వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. ఆవిడకి కుడిచెవి మందం. అందుకని ఫోన్‌ని బల్లమీద పెట్టి, స్పీకరు నొక్కి మాట్లాడేది. అవతలివాళ్ళ మాటలు వరండాలోకి వినిపించేవి.

"హాగెన్ గారూ, ఓర్లీన్ని. కెంటకీ గాడిదల దగ్గర్నుంచి."

"ఆ, చెప్పండి." ముసలి గొంతు, బొంగురుగా ఉంది.

"మీ చెక్కు అందిందండీ. తీసుకోడానికి లేదు. మీ రాష్ట్రంలో మాకింకా రిజిస్ట్రేషన్ అవలేదు. వాపసు పంపుతున్నా."

"ఇంకా అవలేదా?"

"అవలేదండి."

"పర్లేదు లెండి. నాకేం తొందర లేదు."

అయిపోయింది కదా, పెట్టేస్తారనుకున్నాను. ఇద్దరూ పెట్టలేదు.

"చలి మొదలైందా అక్కడ?" అంది ఆవిడ.

"ఫరవాలేదు. చెవులింకా ఊడలేదు."

"పొద్దున్నేం తిన్నారు?"

"సూపు."

"డబ్బాదేనా?"

"డబ్బాదే. మా ఆవిడ సోల్వేగ్ ఉన్నప్పుడు బంగాళాదుంప రొట్టెలు చేసేది. ఆ పెనం ఉంది. ఎత్తి చూస్తుంటా అప్పుడప్పుడు. పొయ్యిమీద పెట్టను." ఆయన గొంతు సవరించుకున్నాడు. "జడ్జి ఎలా ఉన్నాడు?"

"నిన్న డోయిల్ టోపీ తినేశాడండి."

"మొత్తమా?"

"అంచు వదిలేశాడు. అంచు వాడికి సయించదు."

ఆయన నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గాడు. "మంగళవారం తర్వాత ఇవాళే నోరు విప్పడం. అందుకే ఈ బొంగురు. ఏమనుకోకండి."

"నాకూ అంతేనండీ. సోమవారం పొద్దున నా గొంతూ ఇలాగే ఉంటుంది" అంది మిస్ ఓర్లీన్. ఇన్నేళ్ళలో ఆవిడ ఈ మాట మాలో ఎవరితోనూ అనలేదు.

"సరే మరి. వచ్చే నెల మళ్ళీ పంపుతా."

"పంపండి. మళ్ళీ వాపసు చేస్తా."

"మంచిది."

ఆవిడ స్పీకరు ఆపి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. "తలుపు కొట్టి రావాలని మీ అమ్మ నేర్పలేదా?"

"మిస్ ఓర్లీన్, అసలు ఈ నార్త్ డకోటా పని ఎంతసేపటిది?"

"ఒక పూట" అంది.

"మరి ఇన్నేళ్ళుగా..."

"ఏం? చట్టం తప్పానా? ఆయన డాలరు ఒక్కటైనా ముట్టుకున్నానా?" అని గయ్యిమంది. మళ్ళీ తనే తగ్గింది. "ఆయన ఫోన్ చెయ్యమని అడిగే మనిషి కాదు. ఆ వైపు మనుషులు ఇల్లు తగలబడినా పక్కింటివాణ్ణి నిద్రలేపరు. ఇక నేనా, పనిలేకుండా ఒకళ్ళకి ఫోన్ చెయ్యడం నాకు చేతకాదు. చేసి ఏమంటాను? ఏం లేదండీ, ఊరికే చేశాననా? ఎవరైనా వింటే ఏమనుకుంటారు! చెక్కు వాపసు చెయ్యాలంటే అది పని. పని కాబట్టి చెయ్యొచ్చు."

"పోనీ దాణా కంపెనీవాళ్ళతో ఇంకోలా మాట్లాడి చూద్దామా?" అన్నాను.

ఆవిడ కిటికీలోంచి చూసింది. బయట తుంపర పడుతోంది. టార్పాలిన్ కారుతున్న చోట జడ్జి వానకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. "వాడికి కప్పు కావాలి" అంది.

"మరి ఆయనకి?"

"ఆయనకేం, ఇల్లుంది." కాస్త ఆగి, "ఇల్లుంది" అని మళ్ళీ అంది. ఆ మధ్యాహ్నమే కాగితాలు నింపి, గొడుగు వేసుకుని, స్వయంగా పోస్టాఫీసుకి వెళ్ళింది.

నార్త్ డకోటా వాళ్ళు ఎంతమాత్రం ఆలస్యం చెయ్యలేదు. అనుమతి వచ్చింది, బస్తాల మీద జడ్జి వచ్చాడు, కొట్టానికి కప్పు వచ్చింది. డోయిల్ కొత్త టోపీ కొనుక్కున్నాడు. మిస్ ఓర్లీన్ చెప్పవలసిన కబురు ఒకటి మిగిలింది. ఆ రోజు ఆవిడ తలుపు తెరిచే ఉంచింది.

"హాగెన్ గారూ, మీ రాష్ట్రంలో అయిపోయిందండీ. ఇక మీ చెక్కు తీసుకోవచ్చు."

"ఓ. సంతోషం."

"అవునండీ. సంతోషమే."

"అయితే ఇక మీరు..."

"రసీదు పంపుతామండీ. పోస్టులో."

"అచ్చు వేసిందా?"

"అచ్చు వేసిందే."

"పోస్టు బాగానే వస్తుంది ఇక్కడికి" అన్నాడాయన. పెట్టేశారు.

ఆ తర్వాత మిస్ ఓర్లీన్‌కి ఏమైందో చూడండి. ఒహాయో నుంచి ఒకాయన వచ్చి ఇరవై డాలర్లు చేతిలో పెడితే, ఆవిడ తీసుకుని థాంక్స్ చెప్పింది. అంతే. రాష్ట్రం అడగలేదు. డోయిల్ పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "ఒరేయ్, ఆవిడకి ఒంట్లో బాగా లేనట్టుంది. డాక్టరుకి ఫోన్ చేద్దామా?" జనవరి వచ్చింది, వెళ్ళింది. వయోమింగ్‌కి ఫోన్ చెయ్యలేదు. చివరికి వయోమింగ్ వాళ్ళే చేశారు, మిస్ ఓర్లీన్ కులాసాయేనా అని.

మధ్యలో ఆర్విడ్ హాగెన్ చెక్కు రావడమూ, బ్యాంకుకి పోవడమూ, అచ్చు రసీదు వెళ్ళడమూ జరిగిపోయాయి. ఫిబ్రవరిలో ఇంకో చెక్కు వచ్చింది. ఆవిడ కవరు చించి చూసింది. చూసి లేచి నిలబడింది.

"సంతకం లేదు!" అని కేకేసింది, లాటరీ తగిలినట్టు.

"మర్చిపోయుంటాడు పాపం" అన్నాడు డోయిల్. "వెనక్కి పంపించెయ్యండి."

"పంపించెయ్యడమేనా? ఎందుకు పంపుతున్నామో చెప్పొద్దూ!" అప్పటికే ఆవిడ నంబరు నొక్కుతోంది.

ఆ సంభాషణ సంతకం గురించి మొదలై, ఆయన కిటికీ బయట కూర్చున్న గుడ్లగూబ దాకా వెళ్ళింది. మార్చిలో చెక్కు వచ్చింది, దాని మీద వచ్చే ఏడాది తారీకు. మళ్ళీ ఫోన్. డోయిల్ దిగులుపడ్డాడు. "ఈ ముసలాయనకి మతి తప్పుతోందేమో. ఎవరైనా వెళ్ళి చూస్తే బాగుండు."

"నిక్షేపంలా ఉన్నాడు" అంది మిస్ ఓర్లీన్. అదే రోజు ఇద్దరు విస్కాన్సిన్ వాళ్ళని గేటు దగ్గర ఆపి నిలదీసింది. నా ప్రాణం కుదుటపడింది.

ఏప్రిల్‌లో చిక్కొచ్చి పడింది. ఆయనకి ఎవరో చేతిసాయం చేసినట్టున్నారు. చెక్కు ముత్యాల్లాంటి అక్షరాలతో వచ్చింది. తారీకు ఉంది, సంతకం ఉంది, అంకెలూ అక్షరాలూ కలిశాయి. మిస్ ఓర్లీన్ దాన్ని తిప్పి చూసింది, వెలుతురుకి పెట్టి చూసింది, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఆవిడ మొహం చూడలేక నేను కంచె బాగుచెయ్యాలనే వంకతో లేవబోయాను.

"ఆగు" అంది. "ఇక్కడ చూడు. చెక్కు అడుగున, డబ్బు దేనికోసమో రాసేచోట ఏం రాశాడు?"

చూశాను. "గాడిదకి అని రాశాడండి."

"ఏ గాడిదకి?"

"జడ్జికే అయ్యుంటుంది మిస్ ఓర్లీన్" అన్నాడు డోయిల్ గుమ్మంలోంచి.

"అయ్యుంటుందా! దాత ఏ గాడిదకిచ్చాడో తెలుసుకోకుండా, ఊహించుకుని బ్యాంకులో వేసేస్తామా? రేపెవరైనా అడిగితే నువ్వొచ్చి జవాబు చెప్తావా?" స్పీకరు నొక్కింది.

"హాగెన్ గారూ, చిన్న సందేహమండీ. గాడిదకి అన్నారు. ఏ గాడిదకి?"

ఆయనకి అర్థం కాలేదేమోనని నేను భయపడ్డాను.

"ఎన్నున్నాయండీ మీ దగ్గర?" అన్నాడు చివరికి.

"ముప్పై పైమాటే."

"నాకు జడ్జి ఒక్కడే తెలుసు. మిగతావాళ్ళెలాంటివాళ్ళో తెలియకుండా ఎలా చెప్తాను? అన్యాయం కదా." ఒక కుర్చీ కిర్రుమని జరిగిన చప్పుడు, ఎవరో అందులో నెమ్మదిగా కూలబడిన చప్పుడు వినిపించాయి. "ఒక్కోసారికి ఒక్క గాడిద గురించే చెప్పండి. నేను నిదానంగా ఆలోచించే మనిషిని."

మిస్ ఓర్లీన్ మమ్మల్నిద్దర్నీ చేత్తో బయటికి తోలి, కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, డచెస్ అనే గాడిదతో మొదలుపెట్టింది.